రూతు గ్రంథంతో మొదలుపెట్టి బైబిల్ చదవడం, చదివింది ఇంట్లో, పొలంలో చేసి చూపించడం ఎలా?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగు విశ్వాసుల ఇళ్లల్లో బైబిల్ లేని ఇల్లు దాదాపు ఉండదు, గోడకి వాక్యం క్యాలెండర్ ఉంటుంది, ఫోన్లో బైబిల్ యాప్ ఉంటుంది, జనవరి ఒకటిన తీసుకున్న వాగ్దాన కార్డు బీరువా అద్దానికి అంటించి ఉంటుంది. ఇన్ని ఉన్నా ఆదివారం మందిరంలో విన్నదానికీ సోమవారం పొద్దున్న కూలోళ్లతో మనం మాట్లాడే మాటకీ పొంతన కుదరట్లేదంటే, భక్తి లేక అని నేననుకోను, చదివే పద్ధతిలోనే ఏదో తేడా ఉంది. రోజుకో వచనం ఎక్కడో మధ్యలోంచి తీసి చదువుకుంటే అది ఎవరు ఎవరితో ఎందుకన్నారో తెలీదు, అది తెలీకపోతే మన బతుకులో దాన్ని ఎక్కడ పాటించాలో కూడా తెలీదు. అందుకే ఒక చిన్న పుస్తకం మొత్తం పట్టుకుని నిదానంగా చదివి, అందులోంచి ఒక్క పని తీసుకుని ఆ వారంలోనే చేసేయడం ఎలాగో చెప్తాను.

ముందు చిన్న పుస్తకం పట్టుకోండి

బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. ఏడాదిలో అయిపోవాలంటే రోజుకి మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి, చాలామంది జనవరిలో ఆదికాండం ఉత్సాహంగా మొదలుపెట్టి లేవీయకాండం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను రూతు గ్రంథం చెప్తాను. 4 అధ్యాయాలు, 85 వచనాలు, కుదురుగా కూర్చుంటే ఇరవై నిమిషాల్లో అయిపోద్ది.

పైగా మన వైపు వాళ్లకి ఇందులో ఏదీ విడమరిచి చెప్పక్కర్లేదు. బేత్లెహేములో కరువొచ్చి ఒక కుటుంబం పొరుగు దేశం మోయాబుకి వలసపోయింది, అక్కడ ముగ్గురు మగాళ్లూ పోయారు, ముసలి అత్తగారు నయోమి వట్టి చేతుల్తో తిరిగొస్తుంటే మోయాబు కోడలు రూతు ఆమెని వదలకుండా వెంటొచ్చింది. హైదరాబాద్‌కో చెన్నైకో ఇటుక బట్టీలకో వెళ్లి వచ్చేవాళ్లు ఉన్న ఊళ్లు మనవి, తిరిగొచ్చినోళ్లని ఊరు ఎలా చూస్తుందో మనకి తెలుసు కదా.

మొదటి రోజు మొత్తం, తర్వాత రోజుకో అధ్యాయం

మొదటి రోజు నాలుగు అధ్యాయాలూ ఆపకుండా పైకి చదవండి, గీతలు గీయొద్దు, నోట్స్ రాయొద్దు, కథ మొత్తం చెవినపడితే చాలు. తెల్లారగట్ల అయినా పర్లేదు, రాత్రి భోజనాలయ్యాక అయినా పర్లేదు, రోజూ ఒకే టైం అయితే అలవాటు పడుతుంది. ముందు చిన్న ప్రార్థన చేసుకోండి, ప్రభువా నాకు అర్థం చేయించు, చేయడానికి మనసియ్యి అని, అంతకన్నా పెద్దది అవసరం లేదు. ఫోన్లో చదివేవాళ్లు డేటా ఆఫ్ చేసుకోవాలి, లేకపోతే రెండో వచనం దగ్గరే వాట్సాప్ మోగుతుంది.

రెండో రోజు నుంచి రోజుకో అధ్యాయం. ఒక రూల్ నోట్‌బుక్ పెట్టుకుని మూడు ప్రశ్నలకి జవాబు రాయండి: ఇక్కడ ఎవరెవరున్నారు, ఏం జరిగింది? దేవుడి గురించి ఏం తెలిసింది? ఇందులో నేను ఎవరి స్థానంలో ఉన్నాను? ఈ మూడోది అందరం దాటేస్తాం. రూతు చదివిన ప్రతివాళ్లూ తమని తాము రూతు అనుకుంటారు, కష్టాల్లో ఉన్నది నేనే, దేవుడు నాకు బోయజుని (రూతుని ఆదుకున్న పొలం యజమాని) పంపిస్తాడు అని. రెండెకరాల పొలం ఉండి కోతలకి నలుగురిని పిలిచే మనిషి ఆ అధ్యాయంలో బోయజు పక్కన నిలబడి చదవాలి, అప్పుడు ఒక్కో వచనం మనల్నే అడుగుతున్నట్టుంటుంది.

ఇంట్లో ఒకరికి ఒడియా, ఒకరికి తెలుగు అయితే

1936లో ఒడిశా ప్రావిన్స్ ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి ఇటొచ్చిన ఊళ్లు మనవి, ఇంట్లో మాట తెలుగు, స్కూల్లో చదువు ఒడియా. పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు, మామ్మకేమో ఒడియా రాదు. ఈ కారణంతో కుటుంబ ప్రార్థనలో పిల్లలు ఊరికే కూర్చుని ఎప్పుడయిపోద్దా అని చూస్తుంటారు. దీనికి సులువైన దారి ఉంది, ఒడియా బైబిల్ ఒకటి, తెలుగు బైబిల్ ఒకటి పక్కపక్కన పెట్టండి, మామ్మ తెలుగులో ఒక వచనం చదివితే అదే నెంబరు వచనం మనవడు ఒడియాలో చదవాలి. వాడికి రానిది ఆవిడ చెప్తుంది, ఆవిడకి కళ్లు ఆననిది వాడు చెప్తాడు. పాత తెలుగు బైబిల్ భాష కష్టంగా ఉంటే వాడుక భాషలో వచ్చిన అనువాదాలు కూడా ఉన్నాయి, అవి చదివి మళ్లీ పాతదానికి రండి. అసలు చదవడం రానివాళ్లకి యాప్‌లో ఆడియో పెట్టొచ్చు గానీ అధ్యాయం అవగానే ఆపేసి, ఏం విన్నారో వాళ్ల మాటల్లో చెప్పమనండి, చదువుకున్నోళ్లు గమనించనివి వాళ్లు చాలా పట్టుకుంటారు.

రెండో అధ్యాయం దగ్గర ఆగండి

ఈ అధ్యాయానికి రెండు మూడు రోజులిచ్చినా నష్టం లేదు. రూతు పరిగె, అంటే కోతల్లో రాలిన వెన్నులు, ఏరుకోవడానికి బోయజు పొలానికొచ్చింది. ఇక్కడ బైబిల్ పేజీ పక్కన ఇచ్చే రిఫరెన్స్ వాక్యాలు తీసి చూడాలి. లేవీయకాండం 19:9-10లో పొలం అంచుల దాకా పూర్తిగా కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు, బీదలకీ పరదేశులకీ వదిలేయండి అని ఉంది. ద్వితీయోపదేశకాండం 24:19లో పొలంలో మర్చిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దు, అది పరదేశులదీ తండ్రిలేనివాళ్లదీ విధవరాళ్లదీ అని ఉంది. రూతు పరదేశి, విధవరాలు కూడా, అంటే ఆమె అడుక్కోవడానికి రాలేదు, ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కుతో వచ్చింది.

బోయజు అక్కడితో ఆగలేదు చూడండి. పొలంలోకి రాగానే కోతగాళ్లకి తనే ముందు దేవుడి పేరున వందనం చెప్పాడు (2:4). ఆమె జోలికి వెళ్లొద్దని కుర్రోళ్లకి గట్టిగా చెప్పాడు, దాహమేస్తే పనివాళ్లు తోడిన నీళ్లు తాగమన్నాడు (2:9). భోజనం టైంలో దగ్గరికి పిలిచి పేలాలు ఇచ్చాడు (2:14). పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడేయండి, ఆమెని ఏమీ అనొద్దు అన్నాడు (2:16). సాయంత్రం దుల్లగొడితే దాదాపు తూమెడు యవలు అయ్యాయి, తిని మిగిల్చినది కూడా తీసుకెళ్లి అత్తకి పెట్టింది.

ఇప్పుడు మన కళ్లంలోకి రండి. నూర్పులప్పుడు టీ వస్తుంది, ఇంటివాళ్లకి స్టీలు గ్లాసు, కూలోళ్లకి పేపర్ గ్లాసు. ఎవరూ ఏమీ అనరు, ఎప్పటినుంచో అలాగే జరుగుతుంది కాబట్టి ఎవరికీ కనబడదు కూడా. 2:9, 2:14 చదివినవాళ్లకి అది కనబడాలి. అందరికీ ఒకే గ్లాసులు పెట్టండి, నీళ్లబిందె అందరికీ ఒకటే పెట్టండి. కూలి డబ్బులు కూడా, రేపు సంతకెళ్లేటప్పుడు రా ఇస్తాను అని పంపించేయకండి, ద్వితీయోపదేశకాండం 24:15లో పొద్దు కుంకకముందే ఇచ్చేయాలని ఉంది, ఆ రోజు పొయ్యి వెలగాలంటే ఆ రోజే డబ్బు కావాలి కదా.

ఇంకో రిఫరెన్స్ కూడా వదలొద్దు. ద్వితీయోపదేశకాండం 23:3లో మోయాబీయుడు యెహోవా సమాజంలో చేరకూడదని ఉంది. మత్తయి 1:5 తీస్తే యేసుప్రభువు వంశావళిలో మోయాబు రూతు పేరుంది, బోయజు తల్లిగా యెరికో రాహాబు పేరుంది. పరదేశి తల్లి చేతుల్లో పెరిగిన మనిషి కాబట్టి పరదేశి పిల్లని చూసి ముఖం తిప్పుకోలేదేమో అని నాకనిపిస్తుంది. మన సంఘంలో సవర గిరిజన అన్నదమ్ములు, కువి అనే గిరిజన భాష మాట్లాడే కుటుంబాలు వెనక వరసలోనే ఎందుకు కూర్చుంటున్నారో ఆ రోజు ఆలోచించాల్సిందే.

రాసి ఉన్నదల్లా చేయమని కాదు

మూడో అధ్యాయంలో రూతు రాత్రిపూట కళ్లంలోకి వెళ్లి బోయజు కాళ్ల దగ్గర పడుకుంది. బోయజు ఆమె మామగారి తరపు దగ్గరి బంధువు, అప్పట్లో అలాంటి బంధువుని, నువ్వు నన్ను పెళ్లాడి మా కుటుంబాన్ని నిలబెట్టాలి అని అడిగిన తీరు అది, మన పిల్లలకి పెళ్లి సంబంధాల పద్ధతిగా చెప్పింది కాదు. బైబిల్ కొన్ని జరిగింది జరిగినట్టు చెప్తుంది, కొన్ని చేయమని ఆజ్ఞాపిస్తుంది, ఈ రెండూ కలిపేస్తే చాలా ఇబ్బంది. అనుమానం వస్తే పాస్టర్ గారిని అడగండి, అడగడం చిన్నతనం కాదు.

వాగ్దాన వచనాలకీ ఇంతే, ముందూ వెనకా చదవాలి. యిర్మీయా 29:11 మన కార్డుల్లో ఎక్కువగా వస్తుంది, అది బబులోనుకి చెరపట్టబడినవాళ్లకి రాసిన ఉత్తరంలోది. దాని పైన 10వ వచనంలో 70 ఏళ్లు ఆగాలని ఉంది, 5 నుంచి 7 వరకు ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. మనం చెరలో లేము గానీ, పక్క రాష్ట్రంవైపే చూస్తూ ఉన్న ఊరు మనది కాదన్నట్టు బతికేవాళ్లకి ఆ మాట బాగా తగులుతుంది. రాయగడలో ఉంటే రాయగడ కోసం, వీధిలో ఒడియా పొరుగువాళ్ల కోసం పేరుపెట్టి ప్రార్థించండి. ఫిలిప్పీయులకు 4:13 కూడా పరీక్ష పాసవడానికి వాడేస్తాం, పౌలు చెరసాలలో ఉండి, కడుపు నిండినా ఆకలేసినా ఉన్నదాంతో తృప్తిగా ఉండటం నేర్చుకున్నాను అన్నాక రాసిన మాట అది.

ఒక్క పని, ఒక్క పేరు, ఒక టైం

చదవడం అయ్యాక నోట్‌బుక్‌లో "ఇకనుంచి ప్రేమగా ఉంటాను" అని రాయకండి, అది మంగళవారానికి మర్చిపోతాం. "గురువారం సాయంత్రం అయిదింటికి కోతకొచ్చినవాళ్లందరికీ కూలి ఇచ్చేయాలి", "రేపు పొద్దున్న అత్తగారికి ఫోన్ చేసి మందులున్నాయా అడగాలి" అని రాయండి. యాకోబు 1:22లో విని ఊరుకోకుండా వాక్యప్రకారం చేసేవాళ్లుగా ఉండమన్నది ఇదే. వారానికి ఒక్కటి చాలు, నాలుగైదు రాసుకుంటే ఏదీ అవ్వదు.

శనివారం రాత్రి ఆ పేజీ తీసి భార్యాభర్తలిద్దరూ చూసుకోండి, ఒంటరిగా ఉండేవాళ్లు సంఘంలో నమ్మకమైన ఒక్కరికి చెప్పుకోండి. అయితే టిక్ పెట్టండి, అవ్వకపోతే అదే పని వచ్చే వారానికి మళ్లీ రాయండి, కొత్తది వద్దు.

రూతు అయ్యాక యాకోబు పత్రిక పట్టుకోండి, 5 అధ్యాయాలే, తర్వాత మార్కు సువార్త, ప్రకటన గ్రంథానికి ఇప్పుడే తొందరలేదు. యాకోబు 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నాయనకి మంచి చోటు చూపించి, మాసిన బట్టలాయన్ని నిలబెట్టేసే సంగతి వస్తుంది, అది చదివిన వారం ఆదివారం కాస్త ముందే మందిరానికెళ్లి కుర్చీలు వేసే పని మీరే తీసుకోండి.