జట్టులో మనసు గురించి మాట్లాడించాలంటే

చీలమండ బెణికితే ఎవరూ దాచరు, కుంటుకుంటూ వచ్చి ఐస్ అడుగుతారు. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే మాత్రం మా వాలీబాల్ పిల్లలు నోరు విప్పరు. చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం. కోచ్ ముందు తీర్చాల్సింది ఆ భయాన్నే. సీజన్‌కు ముందే అందరి ఎదుటా చెప్పేస్తాను: "విశ్రాంతి కావాలంటే గాయానికి ఇచ్చినట్టే ఇస్తా. తిరిగొచ్చాక చోటు కోసం అందరితో సమానంగా పోటీపడొచ్చు. మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, ప్రాణం మీదకొస్తే తప్ప." ఆ చివరి మాట దాచకూడదు.

ఏడాదికోసారి పెట్టే ఉపన్యాసాల మీద నాకు నమ్మకం లేదు. వార్మప్‌కు ముందు అయిదు నిమిషాలు చాలు, కానీ వారం వారం జరగాలి. ఆ అయిదు నిమిషాల్లో ఒక్కోసారి పెద్ద క్రీడాకారుల కథ చెబుతాను. 2021లో, టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్ మధ్యలో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ తప్పుకుంది. గాల్లో మెలికలు తిరుగుతుంటే తన ఒళ్ళు ఎక్కడుందో తనకే తెలియని స్థితి. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. "గెలిచినవాళ్ళకేం బాధ సార్?" అంటారు పిల్లలు. అప్పుడు షూటర్ అభినవ్ బింద్రా సంగతి ఎత్తుతాను. 2008 బీజింగ్ స్వర్ణం తర్వాత శూన్యం ఆవరించిందని ఆయనే చెప్పుకున్నారు.

"బాగున్నావా?" అని అడిగితే "బాగున్నా సార్" అనే జవాబొస్తుంది. "రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది?", "ఈ వారం భోజనం సరిగ్గా చేశావా?" అనండి. అడిగాక మాత్రం మీరు మాట్లాడొద్దు! గాయంతో బెంచీ మీదున్నవాళ్ళనీ, జట్టులో చోటు దక్కనివాళ్ళనీ ముందు కనిపెట్టండి. గాయపడినవాళ్ళకు స్కోరు రాసే పని ఇస్తాను, మైదానానికి దూరం కాకుండా.

చచ్చిపోవాలనుందన్న సూచన కనిపిస్తే తిన్నగా అడిగేయండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే వైద్యసాయం అందేలా చూడండి.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 16 ఏళ్ళు, ఆపైన ఉన్న మేటి క్రీడాకారుల కోసం ఒక మానసిక ఆరోగ్య పరీక్ష తయారుచేసింది, అది పది ప్రశ్నలతో మొదలవుతుంది. అది వైద్యుల పని, కోచ్‌లు మార్కులు వేయకూడదు. గమనించాల్సిన లక్షణాలతో మనకూ, కుటుంబసభ్యులకూ వేరే పత్రం ఉంది, అది చదవండి. సైకాలజిస్టును కష్టమొచ్చాక వెతకొద్దు, సీజన్ మొదట్లోనే ప్రాక్టీసుకు పిలిచి ముఖపరిచయం చేయించండి. మొదటిసారి వెళ్ళడానికి తోడు రమ్మంటే వెళ్తాను. లోపల ఏం మాట్లాడారో అడగను.