ట్యాబ్‌లో ఆపరేషన్ సమ్మతి పత్రం: సంతకానికి ముందు

- పాత పేషెంటు ఫారంలో పేరు మార్చి వాడొద్దు. కొత్తది తెరిచి కేస్‌షీటుతో సరిచూడండి.
- వేలు జారితే ఎడమ మోకాలు కుడి అవుతుంది. ఏ మోకాలో పేషెంటునే చేత్తో చూపించమని అడిగి, తర్వాతే నొక్కండి.
- మన చిత్తూరుకు తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లూ వస్తారు. వాళ్ల చేతికి తెలుగు ఫారం ఇచ్చి "ఇక్కడ గీయండమ్మా" అంటే అది సమ్మతి కాదు. వాళ్ల భాషలో వివరించి, "ఏం ఆపరేషనో మీరు చెప్పండి" అని అడగండి. ఈ రెండు నిమిషాలు దయచేసి మిగుల్చుకోవద్దు.
- మత్తిచ్చాక సంతకం వద్దు.
- 18 నిండి, స్పృహలో ఉంటే సంతకం పేషెంటుదే, కొడుకుది కాదు.
- పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చాలదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది, ప్రాణాపాయం ఉంటే తప్ప. రెండు ఫారాలూ వేర్వేరుగా తీయండి.
- ఫారం ఫొటో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు.
- కరెంటు పోతే? కాగితం ఫారాలు కౌంటర్లో ఉంచండి.