పల్లెల్లో వృద్ధుల ఆరోగ్యాన్ని అధ్యయనం చేయడం ఎలా?

ఆఫ్రికా పల్లెల్లో వృద్ధాప్యంపై పరిశోధన చేయదలచినవారు ముందుగా దక్షిణాఫ్రికా ఈశాన్యాన, ఎంపుమలంగా రాష్ట్రంలోని అగింకోర్ట్ ప్రాంతంలో జరుగుతున్న ‘హాల్సీ’ అధ్యయనాన్ని పరిశీలించాలి. అక్కడ 1992 నుంచి ఇంటింటి జనగణన క్రమంగా సాగుతున్నందువల్ల, 40 ఏళ్లు, అంతకు పైబడిన 5,059 మందిని 2014–15లో చేర్చుకోవడం సాధ్యమైంది. మీ దగ్గర అటువంటి జాబితా లేకపోతే ఇళ్ల లెక్కతోనే పని మొదలుపెట్టండి. ఆస్పత్రికి వచ్చినవారినే లెక్కలోకి తీసుకుంటే, మంచం దిగలేనివారూ, ఏ జబ్బూ లేనివారూ తప్పిపోతారు.

వయసు నిర్ధారణలో తొందర పనికిరాదు. పుట్టిన తేదీ ఎక్కడా నమోదు కాని పెద్దవారికి గుర్తింపు కార్డులోని సంవత్సరం ఒక అంచనా మాత్రమే కావచ్చు. మొజాంబిక్ అంతర్యుద్ధం నుంచి తప్పించుకొని 1980లలో వచ్చి స్థిరపడినవారు ఆ పల్లెల్లో ఎందరో ఉన్నారు. అటువంటి తల్లిని సంవత్సరం అడగడం కంటే, “సరిహద్దు దాటేటప్పుడు మీ పెద్దబిడ్డ నడిచాడా, వీపున కట్టుకొని వచ్చారా?” అని అడిగితే లెక్క తేలుతుంది. అక్కడ 60 ఏళ్లకు ప్రభుత్వ పింఛను వస్తుంది కనుక, మీరు వయసు అడుగుతున్నది పింఛను విచారణకు కాదని ముందే స్పష్టంగా చెప్పండి.

జ్ఞాపకశక్తి పరీక్ష అన్నిటికంటే సున్నితమైనది. బడి ముఖం చూడని మనిషి చేతికి కాగితం, పెన్సిలు ఇస్తే, మీరు కొలిచేది ఆమె చదువునే గాని జ్ఞాపకాన్ని కాదు. పది మాటలు చదివి వినిపించి, వెంటనే ఒకసారి, కొంతసేపటి తరువాత మరొకసారి చెప్పించడం, ఇరవై దాకా లెక్కించమనడం వంటివి నోటితోనే జరగాలి. ఆ మాటలు ఆమె ఇంట్లో వాడే షాంగాన్ భాషలోవే కావాలి. పక్కనున్న మనవరాలు ప్రేమకొద్దీ మాట అందిస్తే ఆ ఫలితం చెల్లదు. ఆ పిల్లను నొప్పించకుండా కాసేపు బయటికి పంపండి.

మనిషిని కూర్చోబెట్టి, కొంత వ్యవధి ఇస్తూ రక్తపోటును మూడుసార్లు కొలవండి. ఎక్కువగా ఉంటే ఆ రోజే చెప్పి, దగ్గరలోని క్లినిక్‌కు చీటీ రాసివ్వడం మీ బాధ్యత. పెద్దవారు కదా అని హెచ్‌ఐవీ ప్రశ్నను వదిలేయకండి: హాల్సీ తొలి విడతలో దాదాపు నలుగురిలో ఒకరికి ఆ వైరస్ ఉన్నట్లు తేలింది. ఈ ప్రశ్న మాత్రం ఏకాంతంలోనే అడగాలి.

ప్రశ్నలను ఇతర దేశాల అధ్యయనాలతో పోల్చదగినట్లు రూపొందించుకోండి. 2017–18లో 45 ఏళ్లు దాటినవారిపై భారతదేశంలో జరిగిన వృద్ధాప్య సర్వే ‘లాసీ’లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ప్రశ్నల తీరు కలిస్తే అక్కడి తల్లినీ ఇక్కడి అవ్వనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

కొన్నేళ్లకు మళ్లీ అదే గడపకు వెళ్లాలి. ఆ పెద్దమనిషి కాలం చేసి ఉంటే, దుఃఖదినాలు గడిచాక, చివరిదాకా సేవ చేసినవారి పక్కన కూర్చొని, మరణ కారణం అంచనా వేయడానికి జ్వరం, దగ్గు, వాపు ఎప్పుడు మొదలయ్యాయో వారి మాటల్లోనే రాసుకోండి.