మూత ఎక్కడ కారుతోందో సుద్దముక్క చెబుతుంది

నెలల తరబడి కప్పి ఉంచిన తెరచాప పడవను మళ్ళీ సముద్రంలోకి దించేటప్పుడు పెద్ద చికాకు హ్యాచ్ మూతలతోనే, అంటే పడవ పైభాగంలో లోపలికి దిగే ద్వారాల మూతలతో. వాన పడితే కింద పరుపు తడుస్తుంది, నీళ్ళు ఎటునుంచి దిగాయో మాత్రం అంతుపట్టదు. ఉష్ణమండలపు వానల్లో ఇది నిజంగా టెన్షన్. మూత చుట్టూ నీళ్ళు ఆపే రబ్బరు బీడింగ్ మొత్తం మార్చే ఖర్చు పెట్టుకునే ముందు ఒక సుద్దముక్కతో చూడండి. చెన్నైలో పడవ ఉంచుకున్న మా బావగారు చూపించిన పద్ధతి ఇది. పెద్ద ఓడల హ్యాచ్‌లకూ ఈ పరీక్ష చేస్తారు.

రబ్బరునీ, దాన్ని నొక్కే గట్టి అంచునీ పొడిగుడ్డతో తుడవాలి. ఆ అంచు మీద చుట్టూ సుద్ద దట్టంగా రుద్ది, మూత వేసి, గొళ్ళేలు బిగించి, మళ్ళీ తెరవాలి. రబ్బరు మీద తెల్లగీత ఎక్కడ తెగిందో అక్కడ అది ఆనడం లేదు. ముందు ఆ వైపు గొళ్ళెం సర్ది చూడండి. రబ్బరు అణిగిపోయి తిరిగి లేవకపోతే అప్పుడు మార్చాలి.

మా తిరుపతిలో అక్టోబరు, నవంబరు వానలకు కారు డిక్కీలో నీళ్ళు చేరినా ఇదే పద్ధతి పనికొస్తుంది. స్టెప్నీ గుంట కూడా తప్పక చూడండి.

ఒక్క జాగ్రత్త. గీత పూర్తిగా పడినా కారొచ్చు, ఎందుకంటే సుద్ద ఆనిందని చెబుతుందే గానీ ఎంత గట్టిగా నొక్కుతోందో చెప్పదు. సుద్ద తుడిచేసి పైపుతో నీళ్ళు కొట్టండి. అప్పుడూ కారితే స్క్రూ రంధ్రాలు, అద్దం చుట్టూ ఉన్న సీలెంట్ చూడాలి.