పిల్లిని తెచ్చుకునే ముందు ఇల్లు చూసుకోండి

వేసవి సెలవుల్లో పిల్లలు అడిగారనో, మెట్ల కింద కూన అరుస్తోందనో పిల్లిని ఇంటికి తెచ్చుకునేవారు ముందుగా ఏళ్ల లెక్క వేసుకోవాలి. ఇంటిపట్టున పెరిగే పిల్లి సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది కాబట్టి, ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న అమ్మాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాక కూడా దాని గిన్నె మీ వంటింట్లోనే ఉంటుంది.

తర్వాత చూసుకోవలసింది ఆ వంటిల్లే. పిల్లి పూర్తి మాంసాహారి. దానికి తప్పనిసరైన టౌరిన్ అనే పోషకం మాంసం, చేపల ద్వారానే అందుతుంది. అది లోపిస్తే క్రమంగా చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గడప లోపలికి మాంసం రానివ్వని ఇంట్లో కనీసం పిల్లుల కోసం తయారుచేసిన దాణా అయినా పెట్టడానికి ఒప్పుకోవాలి. పెరుగన్నంతో సరిపెడదామనుకునేవారు పిల్లిని పెంచకపోవడమే మేలని నా అభిప్రాయం. సామెతల్లో పిల్లి ఎన్ని పాలు తాగినా, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మిగిలిన కోడికూర కూడా పెట్టకూడదు, అందులోని ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి.

చాలామంది పట్టించుకోనిది ఫినాయిల్. గచ్చు తుడిచిన కాసేపటికి పిల్లి ఆ తడి మీద నడిచి, కిటికీ దగ్గర కూర్చుని, వేళ్లు విప్పదీసి పాదాలను ఒక్కొక్కటిగా నాకుతుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పారాసిటమాల్ విషయమూ అంతే, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. బీరువాలోని కలరా ఉండలనూ అందకుండా చూడాలి. అపార్ట్‌మెంట్ వాళ్లు బాల్కనీకి వల బిగించాకే పిల్లిని తేవాలి, ఎదుట పావురం వాలితే అది ఎత్తు చూసుకోదు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయనక్కరలేదు గానీ, దాని మలం తీసే పని మరొకరు ఏ రోజుకారోజు చేయాలి, ఎందుకంటే అందులో గర్భంలోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవారు ముందుగా పిల్లి ఉన్న ఇంట్లో రెండుమూడుసార్లు గంటసేపు కూర్చుని చూసుకోవాలి. పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. కరిచినా రక్కినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

సంక్రాంతికి ఊరెళుతూ గిన్నె నింపి తాళం వేయడం కుదరదు, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లి రెండుమూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు తాళంచెవి తీసుకుని రోజూ వచ్చి చూసే మనిషి ఎవరో, పిల్లి గడప దాటక ముందే అడిగి ఖాయం చేసుకోండి.