తూటాల పెట్టెకు వేరే తాళం

లైసెన్సు తుపాకీ, తూటాలు ఒకే బీరువాలో, తాళంచెవి చీరల మడత కింద. ఆ చోటు పిల్లలకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

తుపాకీని ఖాళీ చేసి విడిగా తాళం వేయండి. తూటాలను కొన్న అట్టపెట్టెల్లోనే ఉంచి, వేరే గదిలో చిన్న ఇనుప పెట్టెలో పెట్టండి. పెట్టెను లోపలి నుంచి రెండు బోల్టులతో గోడకు బిగించాలి, లేదంటే పెట్టెనే ఎత్తుకుపోవచ్చు. తేమకు రెండు సిలికా జెల్ పొట్లాలు చాలు. ఎన్ని తూటాలున్నాయో లెక్క మీ దగ్గరే రాసుకుని, నెలకోసారి సరిచూడండి. నంబరు తాళమైతే పుట్టినరోజులు, బండి నంబర్లు వద్దేవద్దు, టీనేజీ పిల్లలు మొదట ప్రయత్నించేది అవే.

ఇంట్లో ఎవరైనా బాగా కుంగిపోయి ఉంటే మాత్రం ఏ తాళాన్నీ నమ్మకండి. తుపాకీ, తూటాలు రెండూ పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి.