మీ వంశవృక్షం మీరే రాసుకోవడం ఎలా?

ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. పేజీకి ఒక్క మనిషే. పైన నంబరు, కింద పేరు, ఇంటిపేరు, ఊరు, అమ్మానాన్నల నంబర్లు, భార్య లేదా భర్త నంబరు. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు కూడా రాయాలి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు రాజయ్యలు తేలుతారు. వాళ్లను విడదీసేది ఆ నంబరే.

తర్వాత ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఏ ఇంటి ఆడపిల్ల ఏ ఊరికి పోయిందో ఆమెకే బాగా గుర్తుంటుంది. "ఆయన మనకు బావ" అంటే అక్కడ ఆగొద్దు. అక్క మొగుడా, మేనత్త కొడుకా, మేనమామ కొడుకా? "అవ్వా, ఆయన ఎవరి కొడుకు? ఎవరి బిడ్డను చేసుకున్నడు?" అని అడగండి. పుస్తకంలో తల్లి, తండ్రి, పెళ్లి రాస్తే చాలు, వరస దానంతటదే తేలుతుంది.

మేనరికాల దగ్గరే చాలామంది తికమకపడతారు. మీ నాన్న తన అక్క కూతుర్ని చేసుకున్నాడనుకోండి, మీ అమ్మమ్మే మీకు మేనత్త. టెన్షన్ పడకండి, మీరు తప్పు రాయలేదు. ఆమెకు ఒకే పేజీ, ఒకే నంబరు. ఆ నంబర్లతో చెట్టు బొమ్మ గీస్తే గీతలు మాత్రం రెండు వైపుల నుంచి వస్తాయి. దత్తత అయితే కన్నవాళ్లు, పెంచుకున్నవాళ్లు ఇద్దరి నంబర్లూ వేయండి.

పుట్టిన ఏడు తెలియకపోతే "రజాకార్ల కాలంలో చంకల ఉన్నవా, నడుస్తున్నవా?" అని అడిగి చూడండి. 1948కి అటో ఇటో తేలుతుంది. చెప్పిందెవరో, ఏ రోజు చెప్పారో పక్కనే రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి.

ఇక కాగితాలు. పాత పెళ్లిలో కట్నాలు రాసిన పుస్తకం కోసం సజ్జ మీద, ట్రంకు పెట్టెలో వెతకండి. నా దృష్టిలో దానికి మించిన ఆధారం లేదు. "పరకాల మేనమామ, పట్టుచీర, 51 రూపాయలు" అన్న ఒక్క పద్దులో ఊరూ వరసా రెండూ దొరుకుతాయి. పాత పెళ్లి పత్రికల్లో తాతల పేర్లుంటాయి. భూమి ఉన్న ఇళ్లవాళ్లు తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే తెలంగాణలో ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు, నకలు అడగాలి. నిజాం కాలపు కాగితంలో ఫసలీ సంవత్సరం (అప్పటి సర్కారు శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: 1340 ఫసలీ అంటే 1930-31. అవి ఉర్దూలో ఉంటే చదివిపెట్టే పెద్దమనిషిని ఇప్పుడే వెతుక్కోండి.

ఊరి పక్కన జిల్లాతో పాటు సంవత్సరం కూడా వేయండి. పరకాల 2016కు ముందు వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ.

ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, ఆ మనిషి నంబరుతోనే పేరు పెట్టండి. అసలు కాగితాలకు లామినేషన్ మాత్రం చేయించొద్దు, మళ్లీ విడదీయలేం. విడివిడి కవర్లలో పెట్టి, నోట్‌బుక్ జిరాక్స్ ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఉంచండి.